బొట్టు పెట్టిన కెమెరా

ఆ యూనివర్సిటీ ఫిల్మ్ అండ్ మీడియా విభాగంలో ఒక కెమెరా ఉంది. ఉందని ఎలా తెలుసంటే, బీరువాకు తాళం ఉంది కాబట్టి. తాళానికి సీలు ఉంది. సీలు పక్కన విభాగాధిపతి ఆచార్య నరహరి గారి సంతకం ఉంది. ఇన్ని ఉన్నాక లోపల కెమెరా లేకపోవడానికి వీల్లేదని విద్యార్థులంతా నమ్మేవారు.

ఎం.ఏ. మొదటి సంవత్సరంలో చేరిన నవనీత మాత్రం నమ్మకంతో సరిపెట్టుకునే పిల్ల కాదు. చేరిన వారంలోనే నరహరి గారి గదిలోకి వెళ్ళి, "సార్, మాకు కెమెరా ఎప్పుడిస్తరు?" అని అడిగేసింది.

నరహరి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ఎవరి మీదా అరవరు. ఎంత అన్యాయమైన మాటైనా పాఠం చెప్పినట్టే చెబుతారు.

"అమ్మా, ఇవ్వడమంటే ఏమిటి? వాడడం. వాడితే ఏమవుతుంది? అరుగుతుంది. అరిగితే ఆడిట్ వారు ఏమంటారు? ఎందుకరిగిందంటారు. విద్యార్థుల చేతికిచ్చాం కనుక అరిగిందని మేము రాతపూర్వకంగా ఒప్పుకోవాలా? విభాగం పుట్టినప్పుడు కొన్న కెమెరా అది. ఈనాటికీ దాని లెన్సు మీద వేలిముద్ర లేదు. ఇంత క్షేమంగా ఉన్న కెమెరా ఈ రాష్ట్రంలో మరొకటి చూపించు."

"మరి మేం నేర్చుకునుడెట్ల సార్?"

"నేర్చుకోవడానికి కెమెరా ఎందుకమ్మా? చరిత్ర విభాగంలో యుద్ధాల గురించి చెబుతారు. వాళ్ళకు ఫిరంగులిచ్చామా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఎప్పుడో ఏ ప్రభుత్వమో కెమెరా ఇచ్చింది, మధ్యలో ఈయన బీరువా తాళంతో కూర్చున్నారు. నవనీతకు ఒళ్ళు మండింది. ఫోన్‌తో తీసుకుంటామని అడిగితే, ఫోన్ మాట్లాడుకోవడానికేనని, సిలబస్‌లో దాని పేరు లేదని, ఫోన్‌తో తీసిన సినిమాకు సున్నా వేయక తప్పదని ఎంతో నొచ్చుకుంటూ సెలవిచ్చారు.

ఆ పిల్లకు కెమెరా మీద అంత మోజు ఎందుకో చెప్పాలి. వాళ్ళ నాన్న మొహం కోసం.

జంగిలి ఓదేలు జమ్మికుంట దగ్గర ఒక ఊళ్ళో బ్యాండు మేళం నడిపిస్తాడు. తాను క్లార్నెట్ వాయిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళయినా బరాతు ముందు నడిచింది ఆయనే. ప్రతి పెళ్ళికీ వీడియో వాళ్ళు వస్తారు, వచ్చి గుర్రం మీది పెళ్ళికొడుకును తీసుకుంటారు. బ్యాండు వాళ్ళు అడ్డమొస్తే "పక్కకు జరుగుండ్రి" అంటారు.

"ఎంతమంది పెండ్లి క్యాసెట్లల్ల నా చెయ్యి వచ్చిందో లెక్కలేదు బిడ్డా," అంటాడు ఓదేలు నవ్వుతూ. "భుజం వచ్చింది. ఒకపారి సగం చెవి గూడ వచ్చింది. మొఖమే రాలే."

నవ్వుతూనే అంటాడు గానీ, నవనీత ఆ నవ్వును నమ్మేది కాదు. ఇప్పుడు డీజే డబ్బాలు వచ్చి బ్యాండును పట్టించుకునేవాళ్ళు లేరు. నవనీత చదువు పూర్తి కాగానే మేళం మూసేద్దామని ఆయన నిర్ణయించుకున్నాడు. ఆలోగా ఒక్క సినిమా, నాన్న మొహం నిండుగా కనబడే సినిమా తీయాలని ఆమె పట్టుదల. ఇంటి దగ్గరున్నప్పుడు ఫోన్ పైకెత్తితే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫోన్ల ఎవలైనా దీస్తరు. నువ్వు పెద్ద సదువుకు పోతున్నవు గదా. పెద్ద కెమెరాతోటి దియ్యి, అప్పటిదాక ఆగుత."

ఆ ఏడాది దసరా సెలవులకు ముందు ఆయుధపూజ నాడు నవనీత మొదటిసారి కెమెరాను చూసింది. బీరువా తెరిచేది ఆ ఒక్కరోజే. పట్టుగుడ్డ పరిచిన బల్ల మీద దాన్ని కూర్చోబెట్టి, చామంతి దండ వేసి, పూజారి సరిగ్గా లెన్సు నడిమధ్యన పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు. బ్యాటరీ ముందురోజే నిండుగా ఛార్జి చేయించారు. కెమెరా ఆన్ చేస్తే పక్కన చిన్న పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపం పూజ అయ్యేదాకా కొండెక్కకుండా చూసుకోవడం ఆఫీసు సూపరింటెండెంటు బాధ్యత. పూజ అయ్యాక బొట్టు తుడిచి, దండ తీసి, మళ్ళీ బీరువాలో పెట్టి సీలు వేశారు. విద్యార్థులకు ప్రసాదం ఇచ్చారు. పులిహోర బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత నెలలో పై నుంచి ఉత్తరువు వచ్చింది, ప్రాక్టికల్స్ లేకుండా డిగ్రీలు ఇవ్వొద్దని. నరహరి గారు రెండ్రోజులు అన్నం మానేసి ఆలోచించి వడ్రంగిని పిలిపించారు. టేకు కర్రతో కెమెరా తయారైంది. లెన్సు ఉండాల్సిన చోట పౌడరు డబ్బా బిగించారు. దానికి స్టాండు, భుజానికి వేసుకునే పట్టా, అన్నీ అమర్చారు.

"కర్రతో సినిమా వస్తదా సార్?" అన్నాడు ఇర్ఫాన్. నిజామాబాద్ నుంచి వచ్చిన పిల్లవాడు, నోరు ఊరుకోదు.

"బాబూ, సినిమా కెమెరాలో ఉండదు. దర్శకుడి దృష్టిలో ఉంటుంది. దృష్టి ఉంటే కర్ర చాలు."

క్లాసులు జోరుగా సాగాయి. లైబ్రరీ ముందు స్టాండు వేసి, నరహరి గారు "రోలింగ్!" అంటే విద్యార్థులు పౌడరు డబ్బా తిప్పుతూ ఫోకస్ చేసేవారు. ఒకసారి ఇర్ఫాన్ షాట్ తీస్తుంటే మధ్యలో కుక్క అడ్డం వచ్చింది. "కట్!" అని ఆయన మొత్తం సీను మళ్ళీ తీయించారు. ఇంకోసారి మబ్బు పట్టిందని వెలుతురు కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు కర్ర కెమెరాకు కూడా వార్నిష్ పోతోందని, సోమవారం తప్ప ఇవ్వరాదని సర్క్యులర్ వచ్చింది. మిగతా రోజుల్లో చేతులు కెమెరా పట్టుకున్నట్టు పెట్టి సాధన చేయమన్నారు.

ఆదివారం ఆదివారం ఓదేలు ఫోన్ చేసేవాడు.

"ఏం బిడ్డా, కెమెరా పట్టినవా?"

"పట్టిన నాన్నా."

"బరువున్నదా?"

"ఆ, మస్తు బరువున్నది." టేకు కర్ర కదా, బరువు మాట నిజమే. మొదటి మాటే అబద్ధం. ఫోన్ పెట్టేశాక నవనీతకు అన్నం సయించేది కాదు. అవతల ఆయన బ్యాండు వాళ్ళందరికీ "మా బిడ్డ కెమెరా పడుతున్నది" అని చెప్పుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

రెండో సెమిస్టర్ చివర సినిమాల ప్రదర్శన పెట్టారు. సెమినార్ హాల్లో తెర దించారు, లైట్లు ఆర్పారు, ప్రొజెక్టర్ వేశారు. తెర తెల్లగా వెలిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, పేరుమోసిన పండితుడు, ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని ఒక్కో విద్యార్థి తీసిన తెల్లతెరను ఓపికగా చూశారు.

"రెండో సీన్‌లో కొంచెం చీకటి ఎక్కువైంది," అన్నారు ఒకరి సినిమాకు. "ఎడిటింగ్ ఇంకా పదునుగా ఉండాలి," అన్నారు మరొకరికి.

ఇర్ఫాన్ సినిమా పేరు 'హాస్టల్ సాంబారు'. అది నడుస్తుండగా హాస్టల్ వార్డెన్ గారు లేచి నిలబడ్డారు. సాంబారులో బొద్దింక తేలే దృశ్యం తన మనోభావాలను గాయపరిచిందని, వెంటనే తీసేయాలని పట్టుబట్టారు.

"అసలు అండ్ల ఏం లేదు గదా సార్!" అన్నాడు ఇర్ఫాన్.

"లేకపోతే తీసేయడానికి నీకేమిటయ్యా కష్టం?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అక్కడికక్కడే సెన్సారు కమిటీ కూర్చుంది. రెండు నిమిషాలు కోత పడింది. ఇర్ఫాన్ తన తెల్లతెరను రెండు నిమిషాలు తక్కువగా మళ్ళీ చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు కథ బిగువుగా ఉందని వార్డెన్ గారే మెచ్చుకున్నారు.

నవనీత సినిమా పేరు 'మేళం'. తెర తెల్లగా వెలిగి, తెల్లగా ఆరిపోయింది. పరీక్షాధికారి కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆ క్లోజప్!" అన్నారు గద్గద స్వరంతో. "క్లార్నెట్ వాయిస్తున్న ఆ తండ్రి ముఖం! ఆ కళ్ళలో తడి! ఇరవయ్యేళ్ళ నా అనుభవంలో ఇటువంటి ముఖం తెర మీద చూడలేదు."

మొదటి బహుమతి వచ్చింది. నవనీత ఆ జ్ఞాపికను హాస్టల్ మంచం కింద పడేసి దుప్పటి కప్పుకుని ఏడ్చింది. చెయ్యో భుజమో అన్నా వచ్చే పెళ్ళి వీడియోలే నయం. నాన్నకు ఫోన్‌లో బహుమతి సంగతి మాత్రమే చెప్పగలిగింది. ఆయన ఆ సాయంత్రం ఊళ్ళో జిలేబీ పంచాడట.

ఈ విభాగం ఖ్యాతి వైస్ ఛాన్సలర్ గారి చెవిన పడింది. ఖర్చు లేదు, ఫిర్యాదు లేదు, సామాను చెక్కు చెదరలేదు, అయినా బహుమతులు. ఆయన ముగ్ధులైపోయారు. మరుసటి దసరాకు మీటింగు పెట్టి, "ఇంతటి ప్రగతికి మూలం ఆ కెమెరా. దానికి గదిలో పూజ చేసి ఊరుకుంటారా? ఉత్సవం జరగాలి. ప్రాంగణమంతా ఊరేగించాలి," అని శాసించారు.

నరహరి గారు ఉబ్బితబ్బిబ్బయి నవనీతను పిలిచారు. "అమ్మా, ఊరేగింపుకు బ్యాండు కావాలి. మీ నాన్నగారినే రమ్మని చెప్పు. ఆయన వాద్యం ఎంత గొప్పదో నీ సినిమాలో మేమంతా విన్నాం కదా!"

నవనీత ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేసింది.

ఆయుధపూజ నాటి పొద్దున ఓదేలు మేళం దిగింది. ఎర్రకోటు, బంగారు రంగు అంచు, తలకు తురాయి. ట్రాక్టరు ట్రాలీని బంతిపూలతో అలంకరించి, మధ్యలో ఎత్తుపీట మీద కెమెరాను కూర్చోబెట్టారు. దండ వేశారు, లెన్సు మధ్య బొట్టు పెట్టారు, పక్కన పచ్చదీపం వెలిగించారు. ట్రాలీ వెనక విద్యార్థులు కర్ర కెమెరాతో బారులు తీరారు. మొదటి బహుమతి గ్రహీతకు ప్రత్యేక గౌరవంగా కెమెరాకు గొడుగు పట్టే పని అప్పగించారు.

ఓదేలు కూతురి చేతిలో గొడుగును చూశాడు. వెనక ఇర్ఫాన్ భుజం మీద పౌడరు డబ్బా కర్రను చూశాడు. ట్రాలీ మీది కెమెరాను చూశాడు. ఆయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"నువ్వు పట్టిన కెమెరా ఏది బిడ్డా?"

నవనీత తల వంచుకుంది. "గా కర్రది నాన్నా. అసలుదాన్ని ముట్టుకోనియ్యలే. నీకు అబద్ధం చెప్పిన."

"మరి బహుమతి దేనికిచ్చిండ్రు?"

"ఉత్త తెల్లతెరకు."

ఓదేలు కాసేపు క్లార్నెట్ మీటలు నొక్కుతూ నిలబడ్డాడు. తిడతాడేమో అనుకుంది. తిట్టినా బాగుండేది.

"నేను గూడ నీకొకటి చెప్పలే," అన్నాడు మెల్లగా. "రెండేండ్ల సంది పెండ్లిళ్ళల్ల డీజేనే వాయిస్తది. మమ్మల్ని కోట్లు తొడుక్కొని ముంగట ఉత్తగ నిలవడుమంటున్నరు, శోభకు. క్లార్నెట్ నోట్లె పెట్టుకొని బుగ్గలు ఉబ్బిచ్చుడే. ఊదేది లేదు. ఇద్దరం ఒక్కటే కొలువు జేస్తున్నం పో!"

తండ్రీ కూతుళ్ళిద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు. ఓదేలు తురాయి సర్దుకుని, "ఇయ్యాల డీజే లేదు. ఇయ్యాల మాత్రం నిజంగ ఊదుత," అని మేళం ముందుకు వెళ్ళిపోయాడు.

ఊరేగింపు కదిలింది. మేళం ముందు, వెనక ట్రాక్టరు. ట్రాలీ మీద వైస్ ఛాన్సలర్ గారు పూలపళ్ళెంతో, నరహరి గారు చేతులు జోడించి, పూజారి, గొడుగుతో నవనీత. ఓదేలు మేళానికి ఒక పద్ధతి ఉంది. ఊరేగింపులో ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, దేవుడికి ఎదురుగా నిలబడి ఒక పాట పూర్తిగా వాయించాలి. అది అయ్యాకే దేవుడు ముందుకు కదులుతాడు. లైబ్రరీ మలుపు వచ్చింది. ఓదేలు చెయ్యెత్తాడు. మేళమంతా గిర్రున వెనక్కి తిరిగింది.

తిరిగి చూస్తే నాన్న మొహం సరిగ్గా లెన్సుకు ఎదురుగా ఉంది.

నవనీత కెమెరా వైపు చూసింది. చేతికి అందే దూరంలో ఏడాదిగా పుస్తకంలో బొమ్మ చూసి కంఠతా పట్టిన బటన్ ఉంది. బ్యాటరీ నిండుగా ఉంది. మెమరీ కార్డు విడిగా ఉంటే పోతుందని మొదటినుంచీ లోపలే ఉంచారు. ఆమె గొంతు సవరించుకుంది.

"సార్, దీనికి ఎర్రదీపం గూడ ఉన్నది."

"ఎర్రదీపమా!" నరహరి గారు అదిరిపడ్డారు. "ఇన్నేళ్ళూ పచ్చదొక్కటే వెలిగిస్తున్నామే!"

వైస్ ఛాన్సలర్ గారు కనుబొమలు ముడిచారు. "రెండు దీపాలుండగా ఒకటే వెలిగించడం విభాగ వైఫల్యం నరహరి గారూ. వెలిగించమనండి!"

"వెలిగించమ్మా, వెలిగించు!"

నవనీత నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. వైస్ ఛాన్సలర్ గారు కళ్ళు మూసుకుని దండం పెట్టారు. కానీ పక్కన తెరిచిన చిన్న తెర మీద ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. బొట్టు! ఓదేలు పాట ఎత్తుకున్నాడు. ఆమె ఇక ఆలోచించలేదు. చున్నీ కొంగుతో బొట్టును తుడిచేసింది.

"అయ్యో, బొట్టు చెరుపుతావేమమ్మా!" నరహరి గారు కెవ్వుమన్నారు. ట్రాలీ మీద అందరూ బిగుసుకుపోయారు.

పూజారికి భోజనం వేళ మించిపోతోంది, ఇప్పుడు గొడవ మొదలైతే ఇక తెమలదని ఆయనకు తెలుసు. "తప్పులేదు, తప్పులేదు," అన్నాడు గబగబా. "ప్రతిష్ఠ అయ్యాక స్వామి కళ్ళు తెరిపిస్తాం కదా. దీన్ని నేత్రోన్మీలనం అంటారు. కానివ్వండి."

"ఆహా! నేత్రోన్మీలనం!" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు, పూలు చల్లుతూ.

చిన్న తెర మీద నాన్న నిలబడి ఉన్నాడు. ఉబ్బిన బుగ్గలు, మూసిన కళ్ళు, నుదుటి మీద చెమట, తురాయి ఊపు, అంతా. రెండేళ్ళుగా ఉత్తగా ఉబ్బించిన బుగ్గల్లోంచి పాట పొంగి వస్తోంది. నవనీత గొడుగు పక్కకు ఒరిగిపోతున్నా చూసుకోలేదు, ఒక చేత్తో మెల్లగా ఫోకస్ తిప్పుతూ ఉండిపోయింది. ఆ చేయి కర్ర మీద నేర్చుకున్న చెయ్యే.

సెలవులయ్యాక ఆడిట్ వచ్చింది. ఏ కెమెరా ఎంతసేపు సినిమా తీసిందో దాని లోపలే నమోదవుతుందట. ఇన్నేళ్ళూ సున్నా చూపించిన కెమెరా ఈసారి అలా చూపించలేదు. వెంటనే విచారణ కమిటీ వేశారు. నొక్కింది నవనీతే అయినా వెలిగించమన్నది నరహరి గారు, ఆయనకు చెప్పింది వైస్ ఛాన్సలర్ గారు. తప్పు ఎవరిదో తేల్చడం ప్రమాదకరమని కమిటీ తొందరగానే గ్రహించింది. తప్పంతా కెమెరాది అని తేల్చింది.

"సదరు కెమెరా వాడబడినది. వాడబడినది కొత్తది కాజాలదు. కొత్తది కానిది ఆస్తుల బీరువాలో ఉండరాదు" అని నివేదిక. కెమెరాను మెట్ల కింద తుక్కు సామానులో పడేశారు. బీరువా ఖాళీగా ఉంటే సీలు వేయడానికి రూలు ఒప్పుకోదు. అందుకని ఒక్క నిమిషం సినిమా కూడా తీయని టేకు కెమెరాకు వార్నిష్ వేయించి అందులో పెట్టి తాళం వేశారు. తుక్కు సామాను ముట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ సాయంత్రమే ఇర్ఫాన్ దాన్ని దుమ్ము దులిపి తెచ్చాడు. ఇప్పుడు విద్యార్థులు దానితోనే సినిమాలు తీస్తున్నారు. విభాగంలో ప్రాక్టికల్స్ ఆగిపోయాయని నరహరి గారు బాధపడుతున్నారు.

కెమెరా కార్డులో ఉండిపోయిన ఊరేగింపు పాటతో నవనీత 'మేళం' సినిమాను నిజంగా చేసి మళ్ళీ సమర్పించింది. అదే పరీక్షాధికారి వచ్చి చూశారు. చూసి పెదవి విరిచారు.

"మొదటి సినిమాలో ఉన్న ఆ ముఖం ఇందులో లేదు. తండ్రి పాత్రకు ఎంచుకున్న మనిషి నప్పలేదు."

పాసు మార్కులు వేశారు. నవనీత వాదించలేదు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని జమ్మికుంట బస్సెక్కింది.

ఇంట్లో టీవీ ముందు బ్యాండు వాళ్ళంతా చాప మీద కూర్చున్నారు. ఓదేలు అందరికన్నా ముందు, టీవీకి మరీ దగ్గరగా కూర్చున్నాడు. తెర మీద ఆయన మొహం నిండుగా వచ్చింది. ఆయన తన బుగ్గను ఒకసారి చేత్తో తడుముకున్నాడు.

"గిట్ల ఉంటనా నేను?" అన్నాడు. అని, మళ్ళీ తెరకు కళ్ళు అప్పగించాడు. నవనీత టీవీని చూడలేదు, ఆయన్నే చూస్తూ కూర్చుంది.

పాట అయిపోతుండగా తెర అంచున ఉంగరాలు తొడిగిన చెయ్యి ఒకటి, శాలువా కప్పిన భుజం ముక్క ఒకటి వచ్చి పూలు చల్లి పోయాయి.

"గా చెయ్యి ఎవలిది బిడ్డా?"

"వైస్ ఛాన్సలర్ సారుది నాన్నా."

ఓదేలు ఇంకొంచెం ముందుకు వంగి చూశాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే జాలి.

"అయ్యో పాపం," అన్నాడు, "మొఖం రాలే."